రెండో పిలుపు

శివరాత్రి వెళ్ళిన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం, సాయంత్రం నాలుగూ పది నిమిషాలకు, మా ఊరి పత్తి మిల్లు ఆవరణలో నిప్పంటుకుంది. ఆ నిప్పుకి బారెడు దూరంలో, పత్తి కుక్కిన పెద్ద గోనె బోరేల సందులో, మా చెల్లెలు చిట్టి దాక్కుని ఉంది. ఎదురుగా చాపమీద కూర్చున్న మా అమ్మ చప్పట్లు కొడుతోంది. అమ్మ ఒక్కతే కాదు, ఊరంతా కొడుతోంది. ఇది జరిగి అరవై ఏళ్ళు దాటింది గాని ఆ చప్పుడు నా చెవుల్లోంచి ఇంకా దిగలేదు. టైము అంత కచ్చితంగా ఎలా చెబుతున్నావని అడిగేవాళ్ళుంటారు. మిల్లు వాచ్‌మన్ గేటు దగ్గర వేలాడే రైలుపట్టా ముక్కమీద నాలుగు కొట్టగానే మేము వేషాలతో బయటికి రావాలన్నది ఏర్పాటు. వచ్చి మొదటి రంగం ముగించడానికి ఎప్పుడూ పట్టేది అంతే. గడియారం చూడటం నాకప్పుడు రాదు. అక్షరాలూ రావు. అవి యాభైకి దగ్గరపడ్డాక, రాత్రిబడిలో, మా కోడలి వయసు పంతులమ్మ చేత చీవాట్లు తింటూ నేర్చుకున్నాను.

మొన్న మా ఇంటి వెనక చేలో పత్తికట్టె తగలబెట్టారు. చివరి ఏరుడు అయిపోయాక చెట్టున మిగిలిన పుచ్చిన పత్తికాయలు, వాటిలో ముద్దకట్టిన నాసిపత్తి, ఎండుటాకు అన్నీ కలిసి కాలుతుంటే వచ్చే వాసన కట్టెపొయ్యి వాసన కాదు, చెత్త వాసనా కాదు. తలవెంట్రుక దీపానికి తగిలితే వచ్చేదానికి కాస్త తీపి కలిపినట్టుంటుంది, ముక్కులో ఆగకుండా నేరుగా గొంతులోకి దిగుతుంది. కిటికీలు మూస్తూ ఉంటే మా వీధిలో డిగ్రీ చదివే అమ్మాయి ఒక రంగుల కాగితం పట్టుకొచ్చింది. వాళ్ళంతా కలిసి నాటకాల సంఘం పెట్టారట, మా పాత పేరే పెట్టుకున్నారట.

"అవ్వా, చదివి పెట్టనా?"

"ఇటివ్వు. నాకు కళ్ళున్నాయి."

వేలు పెట్టి చదివాను. ఒకప్పుడు మన ఊళ్ళో తెలుగులో, ఉర్దూలో కలిపి నాటకాలాడిన జోడు పిల్లల బృందం ఆదరణ కరువై ఆగిపోయిందని రాసి ఉంది. ఆ రెండు మాటలు మళ్ళీ మళ్ళీ చదివాను, నాకే చదవడం సరిగా రావడం లేదేమోనని. ఆదరణ కరువా! మమ్మల్ని ఆదరించినట్టు ఈ చుట్టుపక్కల ఇంకెవరినీ ఆదరించలేదు. ఆ ఆదరణే కదా మా చిట్టిని మంటల్లో కూర్చోబెట్టింది. ఆ పిల్లని తిట్టి ఏం లాభం, దానికి చెప్పినవాళ్ళు లేరు. ఆ పిల్ల వెళ్ళాక కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను.

మా నాటకం ఏ పంతులూ పెట్టింది కాదు. మిరపకాయల కుప్ప దగ్గర పుట్టింది. ఎండ కాస్త నిలబడగానే నల్లరేగడి చేలల్లోంచి మిరపపండు కళ్ళాలకు చేరేది, ఊరికి పడమర ఎత్తుగడ్డ మీద కనుచూపు మేర నేలంతా ఎర్రగా పరుచుకుని ఉండేది, దూరంనుంచి చూసేవాళ్ళకి అది అందం, దగ్గర కూర్చున్నవాళ్ళకి దగ్గు. ఎండిన కాయకి ముచ్చిక, అంటే తొడిమ, తుంచి, తెల్లబారిన తాలుకాయ వేరు చేసి, మంచికాయని మూటలకెత్తడం ఆడవాళ్ళ పని, పిల్లల పని. మంచు పదునుకి కాయ మెత్తగా ఉన్నప్పుడే, అంటే కోడి కూసే వేళకే, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఒళ్ళో గోనెపట్టా వేసుకుని కూర్చునేవాళ్ళం. ఎండెక్కితే కాయ పెళుసై గింజ రాలిపోతుంది, రాలితే రైతు అరుస్తాడు. పూట తిరిగేసరికి వేళ్ళు పొయ్యిలో పెట్టినట్టు మండేవి. మజ్జిగలో ముంచితే కాసేపు చల్లబడేవి, ఆముదం పూస్తే కాసేపు, పక్కమీద వాలాక మళ్ళీ మొదలయ్యేవి. మాలో ఎవరమూ బడి మొహం చూడలేదు. బడి కాలమూ మిరప కాలమూ ఒకటే మరి.

కుప్పకి ఇటు పక్క మా పల్లె వరస, అటు పక్క సాయిబుల బజారు వరస. మేము ఆదివారం చర్చికి వెళ్ళే వాళ్ళం, తెలుగు తప్ప ఇంకో మాట ఎరగం. వాళ్ళ ఇళ్ళల్లో ఉర్దూ. మా మాట వాళ్ళకి బాగానే వచ్చు, వాళ్ళ మాట మాకు సగం వచ్చు, తిట్లు మాత్రం అందరికీ అన్నీ వచ్చు. పొద్దెక్కి ఆకలి మొదలవగానే ఒక వరసనుంచి తాలుకాయ ఎగిరి రెండో వరస మీద పడేది, కాసేపటికి కళ్ళమంతా కొట్లాట.

ఆ రెండు వరసల మధ్య మేస్త్రి హుస్సేనమ్మత్త కూర్చునేది. ఆమె దూదేకులామె. మొగుడు విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి పత్తి ఏకి పరుపులు కుట్టేవాడు. నమాజు చేసే ఇల్లే గాని, వాళ్ళింట్లో తాతల కాలంనుంచీ తెలుగే. ఉర్దూ ఆమె సాయిబుల బజార్లో కాపరం పెట్టాక చెవినబట్టి నేర్చుకుంది. అక్కడి ఆడవాళ్ళు ఆమె ఉర్దూ విని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళు; మా పల్లెవాళ్ళేమో ఆమె వచ్చిందంటే తురకామె వచ్చిందనేవాళ్ళు. ఎటువైపువాళ్ళూ పూర్తిగా కలుపుకోని ఆ మనిషి రెండువైపులా పెత్తనం చేసింది. సన్నగా, నల్లగా, గొంతు మాత్రం డప్పులా ఉండేది. ఒకరోజు కొట్లాట మరీ ముదిరి, ఎవడో ఎవడి కంట్లోనో మిరపగింజలు కొట్టేసరికి ఆమెకి ఒళ్ళు మండి లేచి నిలబడింది.

"నోళ్ళు ఖాళీగా ఉండబట్టేగా ఈ రంకెలు! నేనొక కథ చెబుతా. ఇటు వరస ఒక ముక్క తెలుగులో అనండి. అటు వరస ఆ ముక్కనే మీ మాటలో అనండి. తప్పినోడికి ఇయ్యాల మజ్జిగ లేదు."

అంతే. కథ నడిచింది, చేతులు నడిచాయి, కుప్ప తరిగింది. రైతు కూడా వచ్చి గట్టున కూర్చుని విన్నాడు. ఆ మర్నాటినుంచి మాకు అదే పని. కుప్పకి ఇవతల నేను కూర్చుంటే అవతల సరిగ్గా నాకెదురుగా ఎవరుంటే వాళ్ళు నా జోడు. నా జోడు సైదాబీ, గుర్రబ్బండి ఇమాంసాబు కూతురు. నాకంటే జానెడు పొడుగు, ముందు పన్ను విరిగి ఉండేది.

"ఏందే రూతూ, నీ మాట నానిన గోనెలాగుంది, గట్టిగా అను," అనేది.

"నువ్వు ముందు నీ పన్ను వెతుక్కో పో," అనేదాన్ని.

మామూలుగా ఇద్దరం ఇలా తెలుగులోనే కీచులాడుకునేవాళ్ళం. ఆట మొదలైతే మాత్రం హుస్సేనమ్మత్త పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఆటలో తెలుగు జోడు నోట ఉర్దూ రాకూడదు, ఉర్దూ జోడు నోట తెలుగు రాకూడదు. ఎవరి మాట వాళ్ళది. ఒకరు ఏమన్నా సరే, అనుకున్నదైనా అనుకోనిదైనా, రెండోవాళ్ళు ఊపిరి పీల్చుకునే లోపల దాన్నే తమ మాటలో అప్పగించాలి, అదే చెయ్యి విసిరి, అదే మొహం పెట్టి. దీన్ని ఆమె మాకు ఎంత బాగా మప్పిందంటే, ముచ్చికలు తీస్తూ తీస్తూ ఉన్నట్టుండి, "రూతూ, ఏదో ఒకటి అను!" అని అరిచేది. నేను "కప్పు కూలింది!" అని గుండె బాదుకునేదాన్ని, ఆ మాట ముగిసీ ముగియక ముందే సైదాబీ ఉర్దూలో కప్పు కూల్చి గుండె బాదుకునేది. సైదాబీ తన మాటలో "పాము!" అని ఎగిరితే నేను తెలుగులో ఎగిరేదాన్ని. నిద్రలో కూడా అలాగే చేసేవాళ్ళమని మా అమ్మ చెప్పేది.

కళ్ళంలో మొదలైంది ఊళ్ళోకి వచ్చింది, ఊళ్ళోనుంచి పక్క ఊళ్ళకి పాకింది. క్రిస్మస్‌కి మా పల్లెలో ఆడితే అరిసెలు, చక్రాలు ఒళ్ళోకి పోసేవాళ్ళు. పీర్ల పండక్కి ఆడితే బెల్లం, నెయ్యి కలిపి మెదిపిన మలీద ముద్దలు, మిరియాల పానకం. రంజాను నాడు ఇంటింటా సేమ్యా తాగి తాగి డొక్కలు పట్టుకుని కూర్చునేవాళ్ళం. ఇమాంసాబు గుర్రబ్బండి చాలకపోతే పత్తి తోలే ఎడ్లబండ్లమీద పోయేవాళ్ళం, బాటకి రెండువైపులా పత్తిచేలు, మొదటిరోజు పసుపుగా విచ్చి మర్నాటికి గులాబీరంగుకి తిరిగే పూలు, వానాకాలమైతే చక్రాలకి అంగుళాల మందాన పట్టుకునే రేగడి, దిగి తోసీ తోసీ వేషం వేయకముందే మొహాలు నల్లబడేవి. బండ్లమీద దారిపొడుగునా పాటలు, అవి కూడా రెండుసార్లే.

మా నాటకంలో ఏదీ ఒక్కసారితో అయిపోదు. రాజు ఇద్దరు, మా యాకోబు ఒకడు, వాడి జోడు ఖాసిం ఒకడు. రాణి ఇద్దరు, నేనూ సైదాబీ, ఒకటే చీరని రెండుగా చింపి చెరిసగం కట్టుకున్నవాళ్ళం. సేవకుడు మాత్రం ఒక్కడే, చిన్న మస్తాను. వాడికి తెలుగు రాజు ఒక దెబ్బ వేస్తే ఉర్దూ రాజు ఇంకోటి వేసేవాడు, వాడు ఆ రెండో దెబ్బకి ముందే మొహం చిట్లించి నిలబడితే జనం పొర్లిపొర్లి నవ్వేవాళ్ళు. ఆ నవ్వు కూడా రెండుసార్లు, మా మాటకి ఒకవైపునుంచి, వాళ్ళ మాటకి ఇంకోవైపునుంచి. రెండూ వచ్చినవాళ్ళు రెండుసార్లూ నవ్వేవాళ్ళు. ఏడవాల్సిన చోట మాకు ఇబ్బందే లేదు. ముచ్చికలు తీసిన వేలు ఒకసారి కంటి కొసకి తాకిస్తే చాలు, ధారలే. ముందు వరసలో ముసలమ్మలు మా ఏడుపు చూసి నిజంగా ఏడ్చేవాళ్ళు. రోజుకొక కొత్త ముక్క కలిపేవాళ్ళం. ఈసారి ఏం కలుపుతారోనని చూసిన నాటకమే మళ్ళీ చూడ్డానికి వచ్చేవాళ్ళు. ఆ అలవాటు వాళ్ళకీ చేశాం, మేమూ చేసుకున్నాం.

అన్నిటికంటే ఎక్కువ ఆడింది పత్తిరాజు కథ. అది హుస్సేనమ్మత్త సొంతంగా అల్లింది. ఒక పిసినారి రాజు, దేశంలో పత్తంతా తన పరుపుకే కావాలంటాడు. ఇళ్ళల్లో ఒత్తికి కూడా పత్తి లేకుండా చేస్తాడు. చివరికి ఆ పత్తికొండలో వాళ్ళ పాప తప్పిపోతుంది. రాజులూ రాణులూ వెతుకుతారు. అప్పుడు నేను పత్తివైపు చేతులు చాచి, "నా బిడ్డ పత్తిలో ఉందయ్యా!" అని అరవాలి, సైదాబీ, "మేరీ బచ్చీ రూయీ మే హై!" అని అరవాలి. ఆఖరున నేను, "రావే తల్లీ," అని పిలుస్తాను, సైదాబీ, "ఆజా బేటీ," అని పిలుస్తుంది, ఆ రెండో పిలుపుకి పాప దూదిపింజలు నెత్తిన వేసుకుని బయటికి వస్తుంది. ఆ పాప మా చిట్టి. దానికప్పుడు అయిదేళ్ళు. మొదట్లో నేను పిలవగానే వచ్చేసేది, ఉర్దూ వైపు జనం ఉసూరుమనేవాళ్ళు. హుస్సేనమ్మత్త దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని బెల్లంముక్క చేతిలో పెట్టి నేర్పింది.

"మీ అక్క పిలిస్తే రామాక. దేవుడు పిలిచినా రామాక. సైదక్క పిలిచాకనే రావాల. ఏంది?"

"సైదక్క పిలిచాక."

"రెండో పిలుపుకే."

"రెండో పిలుపుకే," అని చిట్టి బెల్లం చప్పరించింది. ఆ తర్వాత ఎప్పుడూ తప్పలేదు.

ఆ ఆదివారం మిల్లుకి సెలవు. మిల్లు కామందు ఇంటికి చుట్టాలొచ్చారు, పత్తిరాజు కథ నిజం పత్తి మధ్య ఆడితే చూడాలని వాళ్ళ ముచ్చట. ఆవరణలో ఒక పక్క జిన్నింగుకి, అంటే గింజ తీయడానికి, వచ్చిన పత్తి బోరేలు ఇంటి ఎత్తున పేర్చి ఉన్నాయి, వాటి ముందు విడిపత్తి కుప్పలు. మేము వేసుకునే గోనెల కొండ ఎక్కడ, ఈ కొండ ఎక్కడ! చిట్టి వాటి మధ్య సందు చూసి మురిసిపోయి, ఎవరూ చెప్పకముందే పోయి దూరింది. పల్లెంతా వచ్చింది, సాయిబుల బజారంతా వచ్చింది, అమ్మ ఉతికిన చీర కట్టుకుని ముందు చాపమీద కూర్చుంది. హుస్సేనమ్మత్త ఎప్పట్లాగే అందరికంటే వెనక నిలబడింది, రెండు గొంతులూ అక్కడిదాకా వినబడుతున్నాయో లేదో చూసుకోవడానికి.

నాలుగు కొట్టారు. వచ్చాం. రాజులు పత్తంతా తమదన్నారు, చిన్న మస్తాను రెండు దెబ్బలూ తిన్నాడు, పాప తప్పిపోయింది. నేను బోరేలవైపు తిరిగాను, "నా బిడ్డ" అనడానికి నోరు తెరిచాను. కుడివైపు విడిపత్తి కుప్ప అడుగున ఎర్రగా ఒక గీత కనబడింది. పత్తికి మంట లేవదు ముందు. పాకుతుంది. చూస్తూ ఉండగానే ఆ గీత బోరేల మొదటికి పాకి, అక్కడ ఒక్కసారిగా భగ్గుమంది. ఎవరి బీడీయో, ఎక్కడి రవ్వో ఈనాటికీ తెలియదు.

"నిప్పు! పత్తికి నిప్పంటుకుంది! నా చెల్లి పత్తిలో ఉందయ్యా!" అని గుండె బాదుకుని అరిచాను.

నా మాట ముగియకముందే పక్కనుంచి సైదాబీ గుండె బాదుకుంటూ, నా గొంతుకి వెంట్రుకవాసి తేడా లేకుండా, "ఆగ్! రూయీ కు ఆగ్ లగ్గయీ! మేరీ బహెన్ రూయీ మే హై!" అంది.

దాని కళ్ళు అప్పటికి మంటని చూడలేదు. నోరు అన్నది, అంతే. అన్నాక తల తిప్పి చూసింది.

జనం చప్పట్లు మొదలుపెట్టారు. కొత్త ముక్క కలిపాం కదా! ఇవతలివైపు, అవతలివైపు, కామందు చుట్టాలు కుర్చీల్లోంచి లేచి మరీ. అమ్మ నావంకే చూస్తూ, నవ్వుతూ, పక్కామెని మోచేత్తో పొడిచి, చప్పట్లు కొడుతోంది. నేను అమ్మవైపు చేతులు చాచి, "అమ్మా, నిజమే, చిట్టి ఉంది," అంటున్నాను. ఆ చేతులు చాచడం కూడా బాగుందనుకున్నట్టున్నారు, ఇంకా గట్టిగా కొట్టారు. వెనక హుస్సేనమ్మత్త తల ఊపింది. మా పాఠం మాకు వచ్చిందని ఆమెకి సంతోషం. పొగని చూసి కూడా, మేము ఆటలో వేసే సాంబ్రాణి ఎక్కువైందనుకుందట.

ఇంత వయసొచ్చింది, ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్నాను, తుఫానులు చూశాను. అలా నిలబడిపోవడం మళ్ళీ ఎరగను. నిజం చెప్పడానికి నాకున్న ఒకే ఒక్క నోటిని వాళ్ళు మెచ్చుకుంటున్నారు. ఎంత గట్టిగా అరిస్తే అంత మెచ్చుకుంటున్నారు.

అప్పుడు సైదాబీ తలమీద ముసుగు లాగి కింద పారేసి, రాణి నడక మానేసి, చాపలదాకా పరుగెత్తింది.

"నాటకం కాదు! ఓయ్, నాటకం కాదు! నిజంగా నిప్పు! చిట్టి లోన ఉంది!"

తెలుగులో. ఆటలో దాని నోట తెలుగు ఎవరూ, ఎప్పుడూ వినలేదు. చప్పట్లు చచ్చిపోయాయి, కోసేసినట్టు. అది చూసి నాకు తెలివొచ్చింది, అటువైపు తిరిగి నాకొచ్చిన ఉర్దూ అంతా కక్కేశాను, "నాటక్ నై, సచ్చీ హై! చిట్టి అందర్ హై!" అని. ఆ తప్పు మాటలు రెండూ విన్నాకే ఊరు లేచింది.

వాచ్‌మన్ కోటయ్య రైలుపట్టా మీద ఆపకుండా బాదాడు. హమాలీలు నాగులు, పెద్ద సుభాని ఎడ్లు తాగే తొట్లో గోనెలు ముంచి మంటమీద విసురుతున్నారు. ఇమాంసాబు బోరేలు కిందికి లాగుతున్నాడు. పొగ తెల్లగా, ముద్దగా, నేలబారున ఉంది, సందు ఎక్కడో కనబడదు. అమ్మ ఆ పొగలోకి, "రావే తల్లీ, రావే చిట్టీ, బయటికి రావే," అని పిలుస్తోంది. నేనూ పిలుస్తున్నాను. ఎవరూ రావడం లేదు. అమ్మ పొగలోకి దూకబోతే ఇద్దరు పట్టుకున్నారు. ఇక లేదనుకున్నాం. నా మటుకు నేను అనుకున్నాను.

హుస్సేనమ్మత్త జనాన్ని తోసుకుంటూ వచ్చి, అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"సైదా ఏదీ? పిలవమనండే దాన్ని! సైదా!"

సైదాబీ తొట్టి దగ్గర పొగమింగి వాంతి చేసుకుంటోంది, గొంతు పెగలడం లేదు. హుస్సేనమ్మత్త ఇక దానికోసం ఆగలేదు. నేలమీద బోర్లా పడుకుని, పొగ కిందనుంచి, బజారు ఆడవాళ్ళు నవ్విపోయే ఆ ఉర్దూలోనే, సైదాబీ గొంతు తెచ్చుకుని పిలిచింది.

"ఆజా బేటీ! ఆజా!"

దగ్గు వినబడింది. మేమంతా వెతుకుతున్న చోట కాదు, ఇంకా ఎడమకి. రెండు బోరేల మధ్యనుంచి ఒక చిన్న చెయ్యి వచ్చింది. హుస్సేనమ్మత్త ఆ చేతికోసం కాలుతున్న బోరేన్ని రెండు చేతులతో పక్కకి నెట్టి, చిట్టిని లాగి వెనక్కి విసిరింది. అమ్మ పట్టుకుంది. ఎడమ చెవి, మెడ కాలాయి, జుట్టు సగం లేదు. మజ్జిగ ముంతలు ముంతలు ఒలకబోశారు. కాస్త తేరుకున్నాక నేను దాని రెండు భుజాలూ పట్టుకుని ఊపేస్తూ, "అంతసేపు పిలిస్తే ఎందుకు రాలేదే? వినబడలేదా?" అని అడిగాను.

"వినబడింది. సైదక్క పిలవలేదుగా," అంది.

చిట్టి బతికింది. బడికి పంపారు దాన్ని, అంగన్‌వాడీలో ఆయాగా చేసి రిటైరైంది, చీరాలలో ఉంటుంది, ఎడమవైపునుంచి మాట్లాడితే వినబడదు. హుస్సేనమ్మత్త చేతులు మానాయి గాని చర్మం పలచగా, గులాబీరంగున, పసిపాప చర్మంలా వచ్చింది. మిరపకాయ ముట్టుకోవడం మాట అటుంచి, కళ్ళం దరిదాపులకు వచ్చినా కాయ ఘాటుకి ఆ చేతులు మండిపోయేవి. కొత్త మేస్త్రి వచ్చింది. హుస్సేనమ్మత్త, మొగుడూ సింగరాయకొండలో ఆమె తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయారు. నాటకం ఆపేద్దామని ఎవరూ అనలేదు. మళ్ళీ ఆడదామనీ ఎవరూ అనలేదు. కుప్పకి అటూ ఇటూ కూర్చుని ముచ్చికలు తీసేవాళ్ళం, ఒకరి మాట ఇంకొకరు అందుకునేవాళ్ళం కాదు. సైదాబీని మరుసటి ఏడు దర్శి సంబంధానికి ఇచ్చారు. అమ్మ ఆ తర్వాత బతికినన్నాళ్ళూ చర్చికి వెళ్ళింది, పాటలు పాడింది. అందరూ తాళానికి చప్పట్లు కొడుతుంటే తను మాత్రం చేతులు పైటలో చుట్టుకుని నిలబడేది. కొత్త పాస్టరుగారు ఒకసారి, "ఏమ్మా, ప్రభువుని స్తుతించవా?" అన్నారు. "నోటితో స్తుతిస్తున్నాగదయ్యా," అంది.

ఇప్పుడు ఆ ఎత్తుగడ్డ మీద కళ్ళాలు లేవు, ప్లాట్లు వేసి రాళ్ళు పాతారు. కాయ చేలోనుంచి లారీ ఎక్కి కోల్డ్ స్టోరేజికి పోతోంది. ముచ్చికలు తీసే ఆడవాళ్ళు ఆటోల్లో వచ్చి ఆటోల్లో పోతారు, చెవుల్లో పాటల తీగలు, ఎవరి వరసా ఎవరికీ ఎదురుగా ఉండదు. పత్తి మిల్లు రేకులు ఎప్పుడో అమ్మేశారు. విల్లు భుజాన వేసుకుని పత్తి ఏకేవాళ్ళని చూసి ఎన్నేళ్ళయిందో. పరుపులు షాపునుంచి చుట్టగా చుట్టి వస్తున్నాయి. మా వీధిలో సాయిబుల పిల్లలు ఇళ్ళల్లో కూడా తెలుగే, దానికి సగం ఇంగ్లీషు.

నిన్న ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. నాటకం నాడు స్టేజీ ఎక్కి పది నిమిషాలు మాట్లాడమంది, శాలువా కప్పుతామంది.

"అవ్వా, ఒకే మాట రెండు భాషల్లో మళ్ళీ మళ్ళీ అంటే జనానికి బోర్ కొట్టేది కాదా?"

ఆ రంగుల కాగితం తీసి దాని ముందు పెట్టాను. తర్వాత చెప్పాను, స్టేజీ ఎక్కను, నేను మాట్లాడాక మీరంతా చప్పట్లు కొడతారు, అది నావల్ల కాదు, శాలువా ఇంకెవరికైనా కప్పండి అని. కాగితం తిరగ రాయించమన్నాను. ఆదరణ కరువు అన్న మాట కొట్టేసి, ఆ చోట ఆ రోజు అక్కడున్నవాళ్ళ పేర్లు వేయమన్నాను. ఊరంతా ఉంది, ఊరిపేరు ఎలాగూ పైన ఉంటుంది. తక్కినవి ఇవి.

రాజులు యాకోబు, ఖాసిం. సేవకుడు చిన్న మస్తాను. రాణులు సైదాబీ, రూతమ్మ, అంటే నేను. గేటు దగ్గర వాచ్‌మన్ కోటయ్య. నీళ్ళ తొట్టి దగ్గర నాగులు, పెద్ద సుభాని. బోరేలు లాగినవాడు ఇమాంసాబు. ముందు చాపమీద మా అమ్మ సువార్తమ్మ. అందరి వెనకాల నిలబడి, అందరికంటే ముందుకి వచ్చిన హుస్సేనమ్మ. పత్తిలో మా చిట్టి, అసలు పేరు కరుణ, అయిదేళ్ళది, రెండో పిలుపు కోసం కూర్చుని ఉంది.